అభ్యంతరానికి రిహార్సల్

ప్లాస్టిక్ కుర్చీల కంపెనీ బోర్డులో అప్పటిదాకా ఎవరూ ‘కాదు’ అన్న పాపాన పోలేదు. అనే అవసరమూ రాలేదు. ఛైర్మన్ బావ. ఆయన పక్క సీట్లో ఆయన భార్య, అంటే అక్క. ఆమె పక్కన ఆమె తమ్ముడు. ఎదురుగా ఛైర్మన్‌కి బాబాయి వరసయ్యే పెద్దాయన. ఈయన మీటింగు మొదలవగానే కళ్ళు మూసుకుంటాడు, బిస్కెట్ల ప్లేటు బల్లమీద పెట్టిన చప్పుడుకి తెరుస్తాడు. బావ కాగితం చదువుతాడు. ముగ్గురూ తలలూపుతారు. టీలు వస్తాయి.

ఆ ముగ్గురిలో ముందుగా ఊగే తల తమ్ముడిది. కంపెనీలో కొనుగోళ్ళ విభాగం ఆయనదే. ఎదురుగా ‘సార్’ అనేవాళ్ళు వెనకాల ‘అలాగేగారు’ అంటారు. అక్క పెళ్ళయిన కొత్తలో బావ “నాతో ఫ్యాక్టరీకి వస్తావేమిట్రా?” అని అడిగినప్పుడు ఆయన అన్న ‘అలాగే బావా’ ఇంకా ఆగలేదు. కారు నడపమన్నా అలాగే. కారు కడిగించమన్నా అలాగే. పాతబడ్డాక ఆ కారు కొనుక్కోమన్నా అలాగే.

ఆయన ఇంటి వెనకాల రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఆ షెడ్డు సంగతి కూడా అలాగేతోనే మొదలైంది.

కంపెనీ కొన్నేళ్ళ కింద ఒక ప్రకటన ఇచ్చింది. పాత కుర్చీ తెచ్చిస్తే కొత్త కుర్చీ మీద తగ్గింపు. పాత కుర్చీని పొడి చేసి, కరిగించి, మళ్ళీ కుర్చీగా పోస్తాం అని. పొడి చేసే మిషను కొన్నారు. దాని పక్కన బావ నిలబడి ఫోటో దిగాడు. ఎర్ర కుర్చీ, నీలం కుర్చీ, తెల్ల కుర్చీ కలిపి అందులో వేశారు. కరిగించి పోస్తే వచ్చిన కుర్చీ రంగుకి ఏ భాషలోనూ పేరు లేదు. దాన్ని చూసి డీలర్లు ముక్కున వేలేసుకున్నారు. రంగులవారీగా వేరు చేయించాలంటే మనుషుల్ని పెట్టాలి. మిషను ఆపేశారు. కుర్చీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

“ఒక్క నెల మీ షెడ్డులో పెట్టుకోరా” అన్నాడు బావ.

“అలాగే బావా.”

ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

షెడ్డు మీద అలాగేగారి భార్యకి వేరే ఆలోచన ఉంది. ఆమె కుట్టుపని నేర్పుతుంది. క్లాసు ముందుగదిలో నడుస్తుంది. నేర్చుకునేవాళ్ళు సోఫా మీద, సోఫా చేతుల మీద, కిటికీ అరుగు మీద కూర్చుంటారు. మూతపడ్డ బట్టల కార్ఖానాలో కుట్టుమిషన్లు అమ్ముతున్నారంటే ఆమె వెళ్ళి బేరం చేసుకుని వచ్చింది. వచ్చేవారం ఇంటికి చేరతాయి.

“షెడ్డు ఖాళీ చేయిస్తారా, లేదా?” అంది ఆమె.

“బావతో మాట్లాడతాను.”

“నాలుగేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నారు. వినపడేలా మాట్లాడండి. షెడ్డు ఖాళీ కాకపోతే మిషన్లు పడగ్గదిలో పెట్టిస్తా. మీరెళ్ళి ఆ కుర్చీల మీద పడుకోండి. కావలసినన్ని ఉన్నాయి.”

ఆమె టేపు మెళ్ళో వేసుకుని క్లాసులోకి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా చట్టం మారింది.

ఆ కబురు బోర్డుకి మోసుకొచ్చింది కంపెనీ సెక్రటరీ. ఆమె చట్టం చదువుకుంది, సగం వాక్యం దగ్గర ఆగి ఎదుటివాడి మొహం చూసి మిగతా సగం చెబుతుంది. పర్యావరణం గురించి కంపెనీలు వార్షిక నివేదికలో ఇంతకాలం తోచింది రాసుకున్నాయి. ఇకమీదట కుదరదు. రాసిన ప్రకటన కింద ప్రతి డైరెక్టరూ సొంత చేత్తో సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే కంపెనీని అడగరు, సంతకం పెట్టినవాణ్ణి అడుగుతారు. ప్రకటనని ఆమోదించే మీటింగులో బయటి ఆడిటరు కూర్చుంటారు. ఇంకొకటి ఉంది. బోర్డు దాన్ని చర్చించినట్టు మినిట్స్‌లో కనపడాలి. ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం చెప్పారు. తలలూపిన బోర్డుని అసలు కూర్చోని బోర్డు కింద లెక్కేసి ఫైలు తెరుస్తారు.

“అంటే మేం పోట్లాడుకోవాలా?” అన్నాడు బావ.

“పోట్లాడక్కర్లేదు సార్. ఎవరో ఒకరు అడగాలి.”

“ఏం అడగాలి?”

“సందేహం ఉంటే సందేహం. అభ్యంతరం ఉంటే అభ్యంతరం.”

“మా ఇంట్లో నామీద అభ్యంతరం ఎవరికుంటుంది?” అని బావ బల్లచుట్టూ చూశాడు.

“నన్ను చూడకండి” అంది అక్క. “నేను మొదలుపెడితే కుర్చీల దగ్గర ఆగను. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి వస్తాను.”

బాబాయి కళ్ళు మూసుకునే ఉన్నాడు. బావ చూపు తిరిగి తిరిగి బామ్మర్ది మీద ఆగింది.

“ఒరేయ్, నువ్వు అభ్యంతరం చెప్పాలిరా.”

“అలాగే బావా.”

సెక్రటరీ దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ప్రశ్నలు బావే చెప్పి రాయించాడు. సభ్యుడు అడుగుతాడు: మనం వెనక్కి తీసుకున్న పాత కుర్చీలన్నీ నిజంగానే మళ్ళీ కుర్చీలవుతున్నాయా? ఛైర్మన్ చెబుతాడు: అన్నీ అవుతున్నాయి. సభ్యుడు అడుగుతాడు: అప్పటిదాకా ఎక్కడ ఉంటున్నాయి? ఛైర్మన్ చెబుతాడు: మన సేకరణ కేంద్రంలో, భద్రంగా. సభ్యుడు అంటాడు: నాకు సంతృప్తిగా ఉంది.

“సార్, ఒక మాట” అంది సెక్రటరీ. “ఈ మినిట్స్ కింద నా సంతకం కూడా ఉంటుంది. అక్కడ ఏం మాట్లాడతారో అదే రాస్తాను. ఇందులో ఉంది కదా అని రాయను.”

“అదేగా కావాల్సింది! మాట్లాడతాం. నువ్వు రాసుకో.”

“ఆ మొదటి జవాబు...” అని ఆమె ఆగి, ఆయన మొహం చూసింది. “అన్నీ అవుతున్నాయంటున్నారు. నిజమేనా సార్?”

“అవుతాయమ్మా. ఇవాళ కాకపోతే రేపు. కుర్చీ ఎక్కడికి పోతుంది?”

రిహార్సల్ అక్క ఇంట్లో భోజనాల బల్ల దగ్గర జరిగింది. బావ కాలేజీ రోజుల్లో నాటకాలు వేశాడు. రెండు నాటకాల్లో వేశాడని ఆయన అంటాడు. రెండోది మొదటిరోజే ఆగిపోయిందని అక్క అంటుంది. ఎలా ఉన్నా నటన నేర్పడం ఆయనకి సరదా.

“ఊ, కానియ్.”

“మనం వెనక్కి తీసుకున్న పాత కుర్చీలన్నీ నిజంగానే...” అలాగేగారి గొంతు అక్కడికే సన్నబడింది.

“అప్పు అడుగుతున్నట్టున్నావురా! నిలదీయాలి. నేను నీకు అన్యాయం చేశాననుకో.”

“మీరేం అన్యాయం చేశారు బావా?”

“అనుకోమన్నాను!”

ఆయన అనుకోవడానికి ప్రయత్నించాడు. కళ్ళు పెద్దవి చేశాడు. బావ తలపట్టుకున్నాడు.

“మీ తమ్ముడికి కోపం అనే పార్టు బిగించకుండానే పంపించారే మీవాళ్ళు” అన్నాడు భార్యతో.

“ఉండేది. మీ ఫ్యాక్టరీలోనే ఎక్కడో ఊడిపోయింది” అంది అక్క, పళ్ళెం ముందుకి తోస్తూ.

ఇంటికి వచ్చాక ఆయన అద్దం ముందు నిలబడి అవే ప్రశ్నలు అడుగుతుంటే భార్య గుమ్మంలో నిలబడి చూసింది. విషయం కనుక్కుంది. నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

“కోపం రావడంలేదా మీకు?”

“రావడంలేదు.”

“ఇలా రండి.”

చెయ్యి పట్టుకుని బాత్‌రూమ్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కణ్ణించి షెడ్డు కనిపిస్తుంది. రేకుల సందుల్లోంచి కుర్చీ కాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆయన రోజూ పళ్ళు తోముకుంటూ చూసే కాళ్ళే.

“ఆ కుర్చీలన్నీ పొడై కుర్చీలైపోయాయని కాగితం మీద మీరు సంతకం పెడతారు. మీ చేత్తో. రేపెవరైనా వచ్చి అడిగితే మీ బావ రాడు. కాగితం మీద పేరున్నవాళ్ళే వెళ్ళాలి. పళ్ళు తోముకుంటూ చూసేవన్నీ ఏమిటని అడిగితే ఏం చెబుతారు? నురగ ఉంది, మాట్లాడలేనంటారా?”

ఆయన కాగితం చూడకుండా, అద్దం వైపు తిరగకుండా, మొదటి ప్రశ్న అడిగాడు.

“ఊ” అంది భార్య. “ఇప్పుడొచ్చింది.”

మీటింగు రోజు బోర్డు గదిలో కొత్త కుర్చీ వేశారు, ఆడిటరు కోసం. ఆమె నడివయసు మనిషి. నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఒకటి ఉంచుకుని, అది కరిగేదాకా మాట్లాడదు. బాబాయి ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. బావ ప్రకటన చదివాడు. చదువుతూ మధ్యలో బామ్మర్ది వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. అది సైగ.

“నాకొక సందేహం ఉంది” అన్నాడు అలాగేగారు.

బాబాయి కళ్ళు తెరిచాడు. బిస్కెట్లు రాకుండా ఆయన కళ్ళు తెరవడం అదే మొదలు.

“మనం వెనక్కి తీసుకున్న పాత కుర్చీలన్నీ నిజంగానే మళ్ళీ కుర్చీలవుతున్నాయా?”

గొంతు పడిపోలేదు. బావ మొహం వెలిగిపోయింది.

“అన్నీ అవుతున్నాయి” అన్నాడు గుండెమీద చెయ్యి వేసుకుని. కాగితంలో చెయ్యి లేదు. అది బావ సొంతం.

“అప్పటిదాకా ఎక్కడ ఉంటున్నాయి?”

“మన సేకరణ కేంద్రంలో. భద్రంగా.”

ఇక మిగిలింది సంతృప్తి. అలాగేగారు నోరు తెరిచాడు. అది బయటికి రాలేదు. సెక్రటరీ కలం కాగితం మీద ఆపి చూస్తోంది. ఆడిటరు బిళ్ళ కరిగినట్టుంది.

“మీకు ఆ జవాబు సరిపోయిందా అండీ?” అని అడిగింది మర్యాదగా.

అన్నేళ్ళలో ఆయన్ని ఏ విషయంలోనైనా సరిపోయిందా అని అడిగినవాళ్ళు లేరు.

“సరిపోలేదు” అన్నాడు.

కాగితంలో లేని మాట అది. బావ ఒక్క క్షణం తడబడి, తేరుకున్నాడు. బామ్మర్ది పాత్రలో లీనమైపోయాడని ఆయనకి అర్థమైంది. కోపం అనే పార్టు దొరికింది! తన శిక్షణ అలాంటిది. గురువన్నాక శిష్యుడి వెనక నిలబడాలి.

“సరిపోకపోతే అడుగు!” అన్నాడు బల్ల చరిచి. “ఇది బోర్డు. ఇక్కడ మొహమాటాలు లేవు. అడుగు!”

“సేకరణ కేంద్రం ఎక్కడుంది?”

“బాగా అడిగావు!”

“ఎక్కడుంది?”

“ఇంకా గట్టిగా అడుగు!”

“మా ఇంటి వెనకాల ఉంది బావా!” అన్నాడు అలాగేగారు లేచి నిలబడి. “మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. నాలుగేళ్ళుగా ఉన్నాయి మీ కుర్చీలు. ఒక్కటి కూడా మళ్ళీ కుర్చీ కాలేదు. ఒక్క నెల అన్నారు. పళ్ళు తోముకుంటుంటే కాళ్ళు కనిపిస్తున్నాయి. కుట్టుమిషన్లు వచ్చేవారం వస్తున్నాయి. నేను ఎక్కడ పడుకోవాలి?”

బావ చెయ్యి ఇంకా బల్లమీదే ఉంది. ఇదంతా నటన కాదేమో అనే అనుమానం ఆయన మొహంలోకి మెల్లిగా ఎక్కింది.

“కుట్టుమిషన్ల సంగతి కాగితంలో లేదే...” అన్నాడు గొణుగుతూ.

“ఏ కాగితంలో సార్?” అంది ఆడిటరు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. సెక్రటరీ తల వంచుకుని రాసుకుంటోంది. ఏం మాట్లాడితే అదే రాస్తానని ఆమె ముందే చెప్పింది.

“ఆ షెడ్డు చూడొచ్చా?” అంది ఆడిటరు, ఇంకో బిళ్ళ విప్పుకుంటూ.

అందరూ అదే కారులో వెళ్ళారు, ఒకప్పుడు బావది, ఇప్పుడు బామ్మర్దిది అయిన కారులో. బాబాయి కూడా వచ్చాడు. బిస్కెట్లు ఇంకా రాలేదు కాబట్టి మీటింగు అయిపోలేదని ఆయన లెక్క.

గేటు తీసింది అలాగేగారి భార్య, మెళ్ళో టేపుతో. ముందుగది కిటికీలోంచి క్లాసు మొత్తం తలలు బయటపెట్టి చూస్తోంది.

“రండి అన్నయ్యగారూ. మీ కుర్చీలు క్షేమం” అంది.

“చెల్లెమ్మా, అది...”

“ముందు చూడండి. తర్వాత మాట్లాడుకుందాం.”

షెడ్డు తలుపు లోపల్నించి కుర్చీలు తోసుకుని ఉండటంతో తెరుచుకోలేదు. బావ గడియ పట్టుకుని బలంగా లాగాడు. తలుపు వచ్చింది. తలుపుతో పాటు కుర్చీలూ వచ్చాయి. ఎరుపు, నీలం, తెలుపు. ఒకటి ఆయన మోకాలి దాకా దొర్లుకుంటూ వచ్చి ఆగింది. ఆడిటరు దాన్ని తిప్పి, అడుగున కంపెనీ ముద్ర చూసి, నిలబెట్టి, కూర్చుంది.

“ఇవన్నీ పొడై పోయినట్టు రాశారు.”

“సాంకేతికంగా చూస్తే మేడమ్...”

“నేను దీనిమీద కూర్చున్నాను సార్. పొడి మీద కూర్చోలేదు.”

బాబాయి కూడా ఒకటి లాక్కుని కూర్చున్నాడు. “గట్టిగానే ఉంది” అన్నాడు.

ఆడిటరు చెప్పింది కొంచెమే. ప్రకటన మీద ఇంకా సంతకాలు పడలేదు. పడనంతవరకు అది చిత్తుప్రతి. చిత్తుప్రతిలో తప్పు దిద్దుకోవచ్చు. ఉన్నది ఉన్నట్టు రాసి, షెడ్డు ఎప్పటికి ఖాళీ చేస్తారో రాసి, చేసి చూపిస్తే తనకి ఇబ్బంది లేదు. సంతకాలు పడ్డాక దొరికితే మాత్రం నలుగురికీ విడివిడిగా కేసులు.

“నాకు కూడానా?” అన్నాడు బాబాయి. ఆరోజు ఆయన పూర్తిగా మేలుకుంది అప్పుడే.

“నువ్వు అడ్డం తిరక్కపోతే ఈవిడ ఏమీ చూసేది కాదు” అన్నాడు బావ పక్కకి వచ్చి, పళ్ళబిగువున, బామ్మర్దితో. “నటించమన్నానురా నేను.”

“నటిస్తున్నాననే అనుకున్నాను బావా. మధ్యలో ఎక్కడో అయిపోయింది.”

“ఈవిడ చూడకపోతే మనం ఇవాళ సంతకాలు పెట్టి ఉండేవాళ్ళం” అంది అక్క. “ఆ తర్వాత ఇంకెవరో చూసేవాళ్ళు. వాడు మిమ్మల్ని కాపాడాడు. మొహం అలా పెట్టకండి, క్లాసువాళ్ళు చూస్తున్నారు.”

బావ మొహం సర్దుకున్నాడు. క్లాసు వైపు చెయ్యి ఊపాడు కూడా.

ఆ రాతకోతలు సెక్రటరీ చూసుకుంది. దిద్దిన ప్రకటన మీద ముగ్గురు సంతకాలు పెట్టారు. అలాగేగారు మాత్రం షెడ్డు ఖాళీ అయ్యాకే పెడతానన్నాడు. ఆమాట ఆయన ఎవరితో అన్నాడో గుర్తుచేసుకుని ఆయనే కాసేపు ఆశ్చర్యపోయాడు. రంగులవారీగా వేరుచేసి పొడి చేసే సంస్థ వాళ్ళు లారీలు పంపారు. కుట్టుమిషన్లు వచ్చేసరికి షెడ్డు కడిగి ఉంది. కూర్చోడానికి కావలసిన కుర్చీలు మాత్రం ఆయన భార్య అట్టిపెట్టుకుంది, అన్నీ నీలం.

క్లాసు షెడ్డులోకి మారిన రోజున సెక్రటరీ ఫైలు పట్టుకుని నాలుగో సంతకానికి వచ్చింది. ఆమె వెనకాలే బావ, అక్క దిగారు. బావ మొహం వెలిగిపోతోంది. అది మళ్ళీ ఎందుకు వెలిగిందోనని అలాగేగారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఒరేయ్, సెక్రటరీ చెప్పింది విన్నావా? కొత్త నిబంధనల్లో పొడి చేయడం కంటే మళ్ళీ వాడుకోవడం మేలట! పై మెట్టు! ఇదిగో, ఈ క్లాసులో కూర్చున్నారే, వీళ్ళంతా మన ప్రకటనలో పై మెట్టు మీద ఉన్నారు.”

నీలం కుర్చీల మీద ఉన్నవాళ్ళు కుడుతూనే వంగి తమ కింద ఏముందోనని చూసుకున్నారు.

“అందుకని నేనేం ఆలోచించానంటే” అని బావ బామ్మర్ది భుజం మీద చెయ్యి వేశాడు. “డీలర్ల దగ్గర ఇంకో రెండు లారీల పాత కుర్చీలున్నాయి. చెల్లెమ్మ క్లాసు ఎలాగూ పెరుగుతుంది. ఇక్కడే ఆ గోడ వారగా పెట్టించామనుకో. ఒక్క నెల.”

అలాగేగారు భార్య వైపు చూడలేదు. కాగితం ఏదీ లేదు. కనుబొమ్మ ఎగరేసేవాళ్ళు లేరు. నోట్లో పాత మాట తయారుగా ఉంది, అలవాటు ప్రకారం సగం దాకా వచ్చింది కూడా.

“అలా...” అన్నాడు.

కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి.

“...కుదరదు బావా” అన్నాడు. “వద్దు.”

బావ చెయ్యి భుజం మీదే ఉండిపోయింది. బామ్మర్ది మొహంలోకి తేరిపార చూశాడు, నటనేమో అని. కాదు.

అలాగేగారు సెక్రటరీ చేతిలో ఫైలు తీసుకుని, నీలం కుర్చీలో కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. చదివాక గానీ సంతకం పెట్టలేదు.

“సార్, ఆ ‘వద్దు’ ఉంది చూశారూ” అంది సెక్రటరీ, ఛైర్మన్ వైపు చూసి ఆగి. “మినిట్స్‌లో రాయమంటారా?”

బావ భార్య వైపు చూశాడు.

“రాయమ్మా” అంది అక్క. “తేదీ కూడా వెయ్యి.”